బిడ్డ పేర జమ, ఊరి పేర ఖర్చు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. గురుముఖమున శాస్త్రము చదివినవాడనూ కాను. మా తాతగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయినవి. నేను సహకార సంఘములో లెక్కలు వ్రాసి జీవించుచున్నాను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, పద్యమునకు పద్యము కూడబలుకుకొని చదివితిని. కావున నా మాటలలో సాహిత్యముకన్న లెక్కలు ఎక్కువగా కనిపించినచో మన్నింపగోరెదను.

రజతోత్సవ చందాలలో ఖర్చులు పోను మిగులు సొమ్మును ఏమి చేయవలెనో సూచింపుడని కార్యవర్గమువారు అడిగియున్నారు. స్వాగత తోరణము కట్టింపవలెనని కొందరి అభిప్రాయము. నా అభిప్రాయము చెప్పుటకు ముందు ఒక విషయము మీతో విచారింపదలచితిని. పరాయి బిడ్డ చదువునకు పూచీపడుట, ఆ పూచీద్వారా పల్లెను బాగుచేయుట అనునదే ఆ విషయము. దీనినే ఈనాడు స్పాన్సరుషిప్ అనుచున్నారు. నేను పోషకత్వము అందును.

ఈ పని మనకు క్రొత్తది కాదు. వెనుకటి కాలమున వారములు చేసికొని చదువుకొనుట అను పద్ధతి ఉండెడిది. పేదవిద్యార్థి సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట, ఇట్లు ఏడు దినములు ఏడిండ్ల భోజనము చేసి చదువుకొనెడివాడు. ఇందులోని లెక్క చక్కనిది. ఏ యింటికిని భారము లేదు. వారమున కొక్క విస్తరి మాత్రమే. ఒక యింటివారు ఊరు విడిచిపోయినను బాలుని చదువు ఆగదు. పోవునది ఏడింట ఒక పాలే. కాని ఆ లెక్కలో లోపము కూడ కలదు. ఆ విస్తరి కులము చూచి వేసినది. ఆడుబిడ్డకు వారము లేదు. మాలమాదిగల పిల్లవానికి ఆ వీధిలోనికే ప్రవేశము లేదు. అన్నము పెట్టిన ఏడిండ్లకును ఆ బాలుడు దినదినము తల వంచవలసియుండెను. ఆ పద్ధతిలోని మంచిని మాత్రము గ్రహించి, చెడుగును విడుచుట మన కర్తవ్యము.

కులపు గోడ దాటి బిడ్డను చేరదీసిన మహనీయులు లేకపోలేదు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి పిల్లలను సాకినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఆ బాలుని చేరదీసి, రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించిరి. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి అయ్యెను. నాయుడుగారు పెట్టిన ఖర్చు ఎంతయో మనకు తెలియదు. దాని ఫలము మాత్రము చరిత్రకెక్కినది.

ఇచ్చుట ఒక యెత్తు, ఇచ్చు విధము మరియొక యెత్తు. దీనిని గూర్చి మన పురాణములలో రెండు కథలు ఉన్నవి. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. ద్రోణుడును ద్రుపదుడును ఒక గురువు వద్ద చదివిరి. కుచేలుడును శ్రీకృష్ణుడును ఒక గురువు వద్ద చదివిరి. రెండు కథలలోను ఒకడు రాజ్యభోగములు పొందెను, ఒకడు పేదవాడుగా మిగిలెను. ద్రోణుని కుమారుడు అశ్వత్థామ పాలకై యేడ్చెను. తోడిపిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చి పాలని నమ్మింపగా, ఆ పసివాడు పాలు త్రాగితినని గంతులు వేసెను. అది చూడలేక ద్రోణుడు మిత్రుని వద్దకు పోయెను. రాజునకును పేదకును మైత్రి ఏమిటని ద్రుపదుడు పరిహసించెను. అక్కడ పుట్టిన వైరము కురుక్షేత్రము వరకు పోయినది. ఒక బిడ్డ పాలకై పెట్టిన అవమానమునకు ఒక దేశము వెల చెల్లించినది.

కుచేలుని కథ వేరు. కృష్ణుడు ముందుగా మిత్రుని కాళ్లు కడిగెను. చిరిగిన బట్టలో దాచుకొనివచ్చిన అటుకులను తానే అడిగి తీసికొని తినెను. అనగా, ఇచ్చుటకు ముందు తాను పుచ్చుకొనెను. కుచేలుడు నోరు తెరచి అడుగలేదు. కృష్ణుడు ఇదిగో యిచ్చితినని చెప్పను లేదు. ఇల్లు చేరిన పిమ్మటనే కుచేలునికి సంగతి తెలిసినది.

ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. హస్తినాపురమునకు వచ్చిన ద్రోణునికి భీష్ముడు దానము చేయలేదు. కురుకుమారులకు విద్య నేర్పుమని పని అప్పగించెను. ఒక యింటి పేదరికము తీరినది. ఆ ఊరి పిల్లలందరికిని గురువు దొరికెను. ఒక్కని కష్టము తీర్చు పనితో పదిమందికి మేలు చేయుట అనగా నాకు తెలిసినంతలో ఇదియే.

ఇక ఆధునిక కాలమునకు వత్తును. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఐరోపాలో పిల్లలు ఆకలితో నశించుచుండగా, 1919లో ఇంగ్లండునందు ఎగ్లాంటైన్ జెబ్ అను వనిత బాలల రక్షణకై నిధి నెలకొల్పెను. 1937లో స్పెయిను దేశపు అంతర్యుద్ధములో దిక్కులేనివారైన పిల్లలకొరకు జాన్ లాంగ్డన్ డేవీస్ అను పత్రికావిలేఖరి ఒక పథకము ఆరంభించెను. ఒక దాత, ఒక బిడ్డ; నెలనెలకు కొంత సొమ్ము, నడుమ ఉత్తరములు. 1950లో మొదలైన కొరియా యుద్ధము తరువాత ఈ పద్ధతి విస్తరించినది. 1972లో ఇంగ్లండున 88 మంది దాతలు భారత, కెన్యా దేశములలోని 88 మంది పిల్లలకు పూచీపడగా ప్రారంభమైన సంస్థయే ఈనాటి యాక్షన్ ఎయిడ్.

మన సీమకు ఈ పద్ధతి వచ్చిన చరిత్ర మీలో పెద్దలకు తెలిసినదే. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశమునకు వచ్చి, మహారాష్ట్రమున మన్మాడు ప్రాంతపు రైతులలో పనిచేసెను. 1968లో దేశము విడిచిపోవలసివచ్చెను. అక్కడి రైతులు ఆయన పక్షమున నిలిచిరి. తిరిగి వచ్చిన పిమ్మట 1969లో అనంతపురము చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పెను. 2009లో అనంతపురముననే కన్నుమూసెను. వర్షపాతమున దేశములో అడుగుననుండు జిల్లాలలో ఒకటి అనంతపురము. వాన కురిసిన వేరుసెనగ, కురియనిచో వలస. అట్టి నేలపై స్పెయిను దేశపు సామాన్య గృహస్థులు నెలనెలకు పంపిన సొమ్ముతో బడులు, ఇండ్లు, చెక్‌డ్యాములు, బత్తలపల్లి ఆసుపత్రి ఏర్పడినవి.

ఇచ్చట ఒక్క మాట లెక్కల మనిషిగా విడమరచి చెప్పవలసియున్నది. దాతవద్ద ఉండునది ఒక బిడ్డ ఛాయాచిత్రము, ఆ బిడ్డ ఉత్తరము. సొమ్ము మాత్రము ఆ బిడ్డ చేతికి రాదు. దానిని ఒకచోట చేర్చి ఊరికి ఉమ్మడిగా ఖర్చుచేయుదురు. జమ బిడ్డ పేర, ఖర్చు ఊరి పేర. ఇట్లేల చేయవలెను? ఆలోచింపుడు. ఒక వీధిలో ఒక బిడ్డకు క్రొత్త బట్టలు, పలక, పాలు వచ్చినవి. ప్రక్కయింటి బిడ్డకు రాలేదు. ఆ వీధిలో స్నేహము నిలుచునా? బిడ్డకు పుస్తకములిచ్చితిమి, ఊరి త్రాగునీరు చెడ్డది. ఆ బిడ్డ నెలకు పది దినములు విరేచనములతో మంచము పట్టినచో పుస్తకమేమి చేయును? తండ్రి పొలము ఎండి కుటుంబము బెంగుళూరికి వలసపోయినచో బడి ఎవరికొరకు? బిడ్డను పట్టుకొని లాగినచో ఊరంతయు కదలివచ్చును. అందుచేత అనుభవజ్ఞులైన సంస్థలు క్రమక్రమముగా బిడ్డనుండి ఊరివైపు మరలినవి.

మరి ఒకరి పేర జమకట్టి మరియొకరి పేర ఖర్చు వ్రాయుట ధర్మమా? ఆ సంగతి దాతకు ముందుగా తెలిపినచో ధర్మమే, తెలుపనిచో కాదు. 1998లో షికాగో ట్రిబ్యూన్ అను అమెరికా దినపత్రికవారు తమ విలేఖరులచేతనే పిల్లలకు పోషకులుగా చందాలు కట్టించి, తరువాత ఆ పిల్లలను వెదకింపగా, కొందరు చనిపోయినను దాతలకు ఆ వార్త చేరలేదని బయటపడెను. పిమ్మట ఆ సంస్థలు తమ పద్ధతులను సవరించుకొనవలసివచ్చెను. లెక్క ఎంత దూరము పోయిన అంత మసకబారును. మన కన్నులయెదుట నున్న ఖాతాకు ఆ ప్రమాదము తక్కువ.

అట్లని ఈ పద్ధతివలన ఫలము లేదనుట సత్యము కాదు. 2013లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు కొందరు మన దేశముతో కూడ ఆరు దేశములలో పదివేలకు పైబడిన జనమును విచారించి, ఒక పరిశోధన ప్రకటించిరి. కంపాషన్ అను సంస్థద్వారా పోషకత్వము పొందిన పిల్లలు తక్కినవారికన్న ఇంచుమించు ఒక సంవత్సరమునుండి సంవత్సరమున్నర వరకు ఎక్కువ చదివిరనియు, పెద్దవారై జీతపుటుద్యోగములు ఎక్కువగా పొందిరనియు తేలినది. ఎక్కడో ఒకరు నా చదువు గూర్చి విచారించుచున్నారన్న నమ్మకమే బిడ్డకు సగము బలమని నా తలంపు.

ఇక నాణెమునకు రెండవ ప్రక్క చూతము. మన ప్రభుత్వము 1952 అక్టోబరు 2న, గాంధీజయంతినాడు, 55 చోట్ల సమాజ వికాస పథకములు ప్రారంభించినది. వ్యవసాయము, రహదారి, పాఠశాల, ఆరోగ్యము అన్నియు ఒక్క బ్లాకులో కలిసి నడువవలెననుట దాని ఆశయము. గొప్ప ఆశయమే. కాని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘమువారు పరిశీలించి, ఈ కార్యక్రమము ప్రజలలో చొరవను మేల్కొల్పలేకపోయినదనియు, అధికారము ప్రజలెన్నుకొనిన సంస్థలకు అప్పగింపవలెననియు నివేదించిరి. దాని ఫలితమే 1959లో ముందు రాజస్థానమునను, వెంటనే మన ఆంధ్రప్రదేశమునను అమలైన పంచాయతీరాజ్.

ఈ రెంటిని పోల్చిచూడుడు. ప్రభుత్వ పథకములో ఊరు ఉన్నది, బిడ్డ ముఖము కానరాలేదు. దూరదేశపు దాత చేతిలో బిడ్డ ముఖము ఉన్నది, ఊరు కానరాలేదు. రెండును ఒక్కచోట చూడగలవారు ఎవరు? ఆ ఊరివారు మాత్రమే. ఏ బిడ్డ బడి మానినదో, ఏల మానినదో, ఆ యింట పొయ్యి ఎన్ని పూటలు వెలుగుచున్నదో తెలిసినవారము మనమే.

దూరపు సొమ్మునకు ఇంకొక చిక్కు కలదు. అది ఎప్పుడు ఆగునో చెప్పలేము. విదేశీ విరాళములపై మన దేశమున 1976లో చట్టము వచ్చెను. 2010లో దాని స్థానమున క్రొత్త చట్టము చేసిరి. 2020లో దానిని మరింత బిగించిరి. ఒక సంస్థ తాను పొందిన విదేశీ సొమ్మును వేరొక సంస్థకు అప్పగించుట ఆ సవరణతో నిషిద్ధమైనది. ఇందాక చెప్పిన కంపాషన్ సంస్థ అనుమతి విషయమై ప్రభుత్వముతో పొత్తు కుదరక 2017లో మన దేశమునుండి వైదొలగెను. ఆ సంస్థ లెక్కలో ఉన్న లక్షకు మించిన పిల్లలకు పోషకత్వము ఆగిపోయెను. తప్పొప్పులు విచారించుట నా పని కాదు. నేను చూచునది ఒక్కటే: నడుమ ఆగిన చదువునకు ఏ ఖాతాలోను పరిహారము వ్రాయుటకు వీలులేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఈ ఉపన్యాసమునకై మన గ్రంథాలయపు బాలల విభాగపు రిజిస్టరులు తిరుగవేసితిని. పుస్తకము పేరు, తీసికొనిన తేది, తిరిగి యిచ్చిన తేది, మూడు గడులు. కొన్ని పేర్లు సంవత్సరములపాటు వారము తప్పక వచ్చుచుండును. పదునైదు, పదునారేండ్ల వయసునకు హఠాత్తుగా ఆగిపోవును. పుస్తకము భద్రముగా తిరిగి వచ్చినది. చదువరి మాత్రము మరల రాలేదు. ఆ పేర్లలో ఆడుబిడ్డలవి ఎక్కువ. పదవ తరగతి నెగ్గినారు. కళాశాల పట్టణములో ఉన్నది. బస్సు ఖర్చు, పుస్తకముల ఖర్చు, ఆ పైన కూలిడబ్బుల నష్టము. ఆ తల్లిదండ్రులను నిందింపరాదు. వారి ఖాతాలో మిగులు లేదు. తోరణము కట్టినచో ఆ తోరణము క్రిందుగానే ఆ బిడ్డలు కూలికి పోవుదురు. ఈ మాట కటువుగా తోచినచో క్షమింపుడు.

ముందుగా ఖర్చు లేని పని చెప్పెదను. తండ్రిని కోల్పోయిన బిడ్డలకు, అనాథలై బంధువులయింట పెరుగు బిడ్డలకు, ప్రాణాంతకమైన జబ్బుతో నున్నవారి బిడ్డలకు కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల పోషకత్వము 2022 నుండి నిర్ణయింపబడియున్నది. పల్లెలలో కుటుంబపు వార్షికాదాయము 72,000 రూపాయలకు మించరాదని నియమము. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు పంపవలెను. మన ఊరిలో అర్హులెవరో తెలిసికొని, కాగితములు పూర్తిచేయించుటకు వారమున కొక సాయంకాలము నేను ఈ గ్రంథాలయములో కూర్చుండెదను. ఆధారపత్రములు లేవని ఏ తల్లియు వెనుదిరుగ నక్కరలేదు. ఎక్కడ తెచ్చుకొనవలెనో చెప్పెదను.

ఇక రెండవది, మన సొంత నిధి. మూడువందల గడపలు దినమునకు ఒక్కొక్క రూపాయి చొప్పున ఇచ్చినవనుకొనుడు. ఏడాదికి 1,09,500 రూపాయలు. ఒక బిడ్డకు నెలకు 1,500 చొప్పున పది నెలలకు 15,000. ఏడుగురు బిడ్డలను చదివింపవచ్చునని మీరు వెంటనే లెక్కకట్టుదురు. నేను ఒప్పుకొనను. ఇంటర్మీడియెట్టు రెండు సంవత్సరముల చదువు. రెండవ యేట వాన లేక చందా రాకపోయినచో ఏడుగురును నడుమ నిలిచిపోవుదురు. కావున మొదటి యేట ముగ్గురినే తీసికొందము. ముగ్గురికి రెండేండ్లకు 90,000. మిగులు 19,500. రెండవ యేట ఒక్క రూపాయి రాకున్నను ఆ ముగ్గురి చదువు ఆగదు. పట్టిన చేయి విడువరాదన్న ధర్మమునకు లెక్కలలో రూపము ఇదియే. రజతోత్సవపు మిగులు సొమ్మును ఈ నిధికి మూలధనముగా జమకట్టినచో ఆరంభమునకు ఆలస్యముండదు.

దీనికి నేను సూచించు నియమములు ఐదు. ఒకటి: బిడ్డల ఛాయాచిత్రములు గోడకు తగిలింపరాదు, దాతల పేర్లు వేదికపై చదువరాదు. రెండు: ఏ బిడ్డయు ఎవరికిని కృతజ్ఞతాలేఖ వ్రాయనక్కరలేదు. మూడు: ఎంపిక చేయునది దాతలు కాదు, ఉపాధ్యాయులు, మహిళాసంఘమువారు కూర్చుండి, కులము చూడక అవసరమునే చూచి నిర్ణయింపవలెను. కనీసము సగము స్థానములు ఆడుబిడ్డలవి. నాలుగు: ప్రతి ఉగాదికి జమాఖర్చులు ఈ హాలులో పైకి చదువవలెను, ఎవరైనను ప్రశ్నింపవచ్చును. బిడ్డల పేర్లు మాత్రము చదువరాదు. ఐదు: చదువుకొను బిడ్డ ఆదివారము ఒక గంట ఇచ్చట చిన్నపిల్లలకు కథలు చదివి వినిపింపవలెను. ఇది ఋణము తీర్చుట కాదు. కుచేలుని అటుకులవంటిది. పుచ్చుకొనువాని చేతిలో కూడ ఇచ్చుటకు ఏదో ఒకటి ఉండవలెను. అప్పుడే తల ఎత్తుకొని పుచ్చుకొనును. ఆ గంటవలన ఈ గ్రంథాలయమునకు క్రొత్త చదువరులును వత్తురు. ఒకరికి చేసిన సాయము ఊరికి చేరును.

కలవారికి రూపాయి ఏపాటి, కూలివారు రూపాయి ఎట్లిత్తురు అని కొందరు అడిగిరి. అనంతపురపు పల్లెలలో ఆ ట్రస్టు సాయము పొందిన బీదకుటుంబములే తమ యింట హుండీలు పెట్టుకొని, తమకన్న బీదలకై చిల్లర వేయుచున్నారు. ఇచ్చుట ధనికుల సొత్తు కాదు. అయినను బలవంతము వలదు. ఈయలేని గడపకు పోయి అడుగరాదు. ఇచ్చెదనన్న గడపను కాదనరాదు.

ఇరువది యైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము స్థాపించినవారు పుస్తకములు ఎవరు చదువుదురో చూచి స్థాపింపలేదు. చదువువారు వత్తురని నమ్మి స్థాపించిరి. అదే నమ్మకముతో ఈ ప్రతిపాదనను మీ యెదుట పెట్టుచున్నాను. కార్యవర్గమువారు దీనిని వచ్చు సమావేశమున చర్చింపవలెననియు, మీరందరును తప్పక విచ్చేసి మీ అభిప్రాయములు తెలుపవలెననియు ప్రార్థించుచున్నాను. నిధి ఏర్పడినచో దాని లెక్కలు జీతభత్యములు లేకుండ వ్రాయుటకు నేను సిద్ధముగా ఉన్నాను. నాపైన తనిఖీ చేయుటకు మరియొకరిని నియమింపుడని కూడ కోరుచున్నాను.